తప్పు చదవలేని పిల్ల

కుట్టుపని చేసే ఆ తల్లికి సూదిలో దారం ఎక్కించడం ఎంత తేలికో, ఎదుటివాళ్ళ నోటికి మాట అందించడమూ అంతే తేలిక. కూతురు బుల్లి చదువుతూ ఎక్కడ ఆగినా సరే, టక్కున తనే ఆ మాట చెప్పేసేది. పిల్లకి తెలివి లేక కాదు. అక్షరాలు ఆ పిల్ల కళ్ళముందు కుదురుగా నిలబడవు, అంతే. మూడేళ్ళ కిందట బడివాళ్ళు పరీక్షించి ఆ సంగతి తేల్చారు. అప్పటినుంచి రోజూ ఒక గంట బుల్లిని విడిగా కూర్చోబెట్టుకుని చదివిస్తున్న టీచరమ్మ పేరెత్తితే చాలు, ఆ తల్లి చేతులు దణ్ణానికి వాటంతటవే దగ్గరికి వచ్చేస్తాయి.

ఇప్పుడు మళ్ళీ పరీక్ష. సాయం ఇంకా కావాలా, అక్కర్లేదా అని మూడేళ్ళకోసారి చూస్తారట. అంతవరకు బాగానే ఉంది. పక్కింటావిడ ఊరుకుంటేగా. మార్కులు బాగా వస్తే ఆ గంట కాస్తా తీసేస్తారని ఓ పుల్ల వేసి పోయింది. తల్లి గుండెల్లో రాయి పడింది.

బడి గేటు దగ్గర జడ సర్దే నెపంతో కూతురి చెవిలో ఊదింది.

"వచ్చినా రానట్టే ఉండు తల్లీ. నాలుగు మాటలు తప్పు చదివితే కొంపేం మునిగిపోదు."

బుల్లి తలూపి లోపలికి వెళ్ళింది. తల్లి వరండాలో బెంచీ మీద కూర్చుని సంచీ పట్టీ నలుపుతూ ఉండిపోయింది. పసిదానికి అబద్ధం నేర్పానే అని కాసేపు, నేర్పకపోతే ఆ గంట దక్కేదెలా అని కాసేపు. రెండు గంటలు అలాగే గడిచాయి.

ఆమెని పిలిచేసరికి గదిలో పరీక్ష పెట్టినాయనా, టీచరమ్మా ఉన్నారు, మధ్యలో బుల్లి. టీచరమ్మ కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. అంతా అయిపోయిందనుకుంది తల్లి.

"మీ అమ్మాయి జరిగిందంతా చెప్పేసిందండీ," అన్నాడాయన.

తల్లికి తల కొట్టేసినట్టయింది.

"తప్పు చదువుదామనే చూశానమ్మా," అంది బుల్లి. "రాలేదు. టీచరమ్మ నేర్పినట్టు అక్షరం కింద వేలు పెడితే సరిగ్గానే వచ్చేస్తోంది."

ఆయన కోప్పడలేదు. పిల్ల చదివినదంతా సరిగ్గానే ఉందట. కానీ తోటివాళ్ళు ఐదు నిమిషాల్లో ముగించే పేజీకి తనకి ఇరవై నిమిషాలు పట్టిందట. అందుకని ఆ గంట ఎక్కడికీ పోదు, పరీక్షల్లో అదనపు సమయం కూడా ఇస్తారు. తప్పులు చదివి ఉంటేనే చిక్కొచ్చేది. ఈ పద్ధతి పనిచేయడం లేదనుకుని టీచరమ్మనే మార్చేవాళ్ళట.

తల్లి గబగబా వెళ్ళి టీచరమ్మ చేతులు రెండూ పట్టుకుంది.

"మీ మేలు ఈ జన్మకి మర్చిపోలేనమ్మా."

"నాదేముందండీ. రోజూ విసుక్కోకుండా వచ్చి కూర్చున్నది తను," అంది టీచరమ్మ.

సంతకానికి కాగితం ముందుకు జరిపారు. ఎప్పుడూ చూడకుండా గిలికేసే తల్లి, ఈసారి దాన్ని కూతురివైపు తిప్పింది. బుల్లి వేలు పెట్టి చదవసాగింది.

"ఈ విద్యార్థినికి... ప్రత్యేక..."

అక్కడ ఆగింది. తర్వాతి మాట తల్లి నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంది. టీచరమ్మ కదల్లేదు. పరీక్ష పెట్టినాయన గడియారం వంక చూడలేదు.

"...బోధన... కొన...సాగించాలి," అని ముగించి బుల్లి తలెత్తింది.

తల్లి పెన్ను అందుకుంది. నిండిన కళ్ళలో అక్షరాలన్నీ అలుక్కుపోయాయి, ఒక్కటీ కుదురుగా నిలబడలేదు.

"సంతకం ఎక్కడ పెట్టాలే?" అని అడిగింది.

బుల్లి వేలు పెట్టి చూపించింది.