ఎత్తుకొచ్చిన మొక్క

మా ఊరి బ్రోంకా చనిపోయాక ఆమె ఇల్లూ పెరడూ మేనకోడలు ఇర్మీనాకు వచ్చాయి. నలభై దాటిన మనిషి. లుబ్లిన్ పట్నంలో కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసింది, మొగుడితో తెగతెంపులు చేసుకుంది, రెండు పెట్టెలతో సరిగ్గా చలికాలం మొదట్లో మా ఊళ్ళో దిగింది. ఆ కాలంలో మా ఊరికి రావడమంటే కొరివితో తల గోక్కోవడమే. నా కొట్టుకు రోజూ వచ్చేది. కొనేది ఒక్క రొట్టె, మాట్లాడేది అరగంట.

"పక్కింటి తెయోఫిలా గారు నాతో మాట్లాడరేం అక్కా? పలకరిస్తే తలాడించి లోపలికెళ్ళిపోతారు."

"మీ అత్తతోనే ఇరవై ఏళ్ళు మాట్లాడలేదు. నీతో మూడు నెలలకే మాట్లాడేస్తుందా?"

"ఎందుకు మాట్లాడుకోలేదు?"

"ఎవరికి తెలుసు? వాళ్ళకే గుర్తుండదు."

ఆమె నవ్వలేదు. వసంతం దాకా చూస్తాననీ, గోడ పక్క మనిషి కూడా పలకరించని ఊళ్ళో ఒంటరిగా ఉండటం తన వల్ల కాదనీ, ఇల్లు అమ్మేసి పోతాననీ అంది. నాకు దిగులేసింది. అలవాటైపోయిందామె.

మంచు కరగడం మొదలైంది. ఇర్మీనాకు మొక్కల గురించి ఓనమాలు కూడా రావు. అత్త ఎక్కడ ఏం నాటిందో తెలియదు. అందుకని పెరడు రోజుకొకటి బయటపెడుతుంటే పరుగెత్తుకొచ్చి నాకు చెప్పేది. మంచులోంచే తలవంచుకుని తెల్లపూలు వచ్చాయంది. ఆపిల్ చెట్టు కింద నేలంతా నీలంగా అయిపోయిందంది. ఒకే కొమ్మకు సగం గులాబీ రంగు పూలు, సగం నీలం పూలు, ఇదేం చిత్రమంది.

"ఎర్రటి వేళ్ళలాంటివి మట్టిలోంచి పొడుచుకొస్తున్నాయక్కా. చూస్తే భయమేస్తోంది."

"పియోనీలే తల్లీ. జూన్‌లో క్యాబేజీ అంతేసి పూలు పూస్తాయి. అప్పుడు భయపడు."

ఇంకోరోజు ముక్కు మూసుకుని వచ్చింది. ఇంటి పక్కన ఏదో చచ్చిందనీ, పార పట్టుకుని వెతుకుతున్నాననీ చెప్పింది. కొట్టుకు తాళం వేసి వెళ్ళి చూద్దును కదా, రాజకిరీటం మొలకలు!

"ఏమీ చావలేదు. దీని కంపే అంత, నక్క వాసన. ఎలుక ఆ ఛాయలకు రాదు. ఏప్రిల్ చివర్లో పూస్తుంది చూడు, నిజంగా కిరీటమే."

ఆమె వంగి మళ్ళీ వాసన చూసి పకపకా నవ్వింది. అంత నవ్వగలదని నాకప్పుడే తెలిసింది.

వారం తిరక్కుండా లబలబలాడుతూ వచ్చింది. "దొంగలు పడ్డారు! పెరట్లో గుంతలు!"

నాకు తెలుసు ఆ దొంగెవరో. చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే ఆమే కర్టెన్ వెనక నిలబడి చూసింది. తెయోఫిలా, ఎనభై దగ్గరపడ్డ మనిషి, కుంటి మోకాలేసుకుని కంచె సందులోంచి దూరింది. పులుసు గరిటెతో ఆ రెండు రంగుల మొక్కని తవ్వి నడుముకు కట్టుకున్న ఏప్రన్‌లో వేసుకుని, సొంత పెరట్లో ముల్లంగి పీక్కున్నంత తాపీగా వెళ్ళిపోయింది.

ఇర్మీనా పట్నం మనిషి కదా, పట్నం మర్యాద చూపించింది. అదే మొక్క ఇంకొకటి కొత్త కుండీలో పెట్టి, రిబ్బను కట్టి, తలుపు తట్టింది. "మీకేం కావాలన్నా అడగండి. నేనే ఇస్తాను," అంది. తెయోఫిలా కుండీని చూసింది, ఈమెను చూసింది, తలుపు మూసింది. ఆ తర్వాత కంచె దాటలేదు.

నా కొట్లో మాత్రం నిప్పులు చెరిగింది. "ముష్టి వేస్తుందా నాకు? రిబ్బను కట్టి మరీ! ఒసే దొంగా అని తిట్టినా గౌరవంగా ఉండేది."

ఏప్రిల్ గడుస్తోంది. ఒక మధ్యాహ్నం ఇర్మీనా ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి, రేపు ఇళ్ళ దళారీ వస్తున్నాడని చెప్పింది. నాకు ఒళ్ళు మండింది.

"అసలు నువ్వు వచ్చి ఇన్నాళ్ళయింది, తెయోఫిలా పెరట్లో ఏం దొంగిలించావు?"

"నేనా? దొంగతనమా?"

"అడిగి తెచ్చిన మొక్క అలుగుతుంది, ఎత్తుకొచ్చింది ఎదుగుతుంది. మీ పట్నంలో ఇది కూడా నేర్పరా? మీ అత్త పెరట్లో సగం మొక్కలు ఆవిడవి. ఆవిడ పెరట్లో సగం మీ అత్తవి. ఇరవై ఏళ్ళు నోటితో మాట్లాడుకోలేదు గానీ ఏ వసంతమూ ఊరుకోలేదు. ఆవిడ వచ్చి గరిటెతో నిన్ను పలకరించింది. నువ్వేమో జవాబివ్వకుండా దానం చేశావు!"

ఇర్మీనా నా కౌంటరు మీది చెంచా తీసుకుని వెళ్ళిపోయింది. నేను ఆగుతానా? వెనకాలే వెళ్ళాను.

దొంగతనానికి కూడా కాస్త చదువుండాలి. పట్టపగలు, తెయోఫిలా కిటికీకి ఎదురుగా, కంచె సందులో స్కర్టు ఇరుక్కుని చిరిగింది. ఎలాగో దూరి, పసుపు అంచున్న ముదురెరుపు ప్రిమ్‌రోజ్ పూలమొక్క దగ్గర కూలబడి చెంచాతో పొడవడం మొదలుపెట్టింది. కిటికీ ధడాలున తెరుచుకుంది.

"దొంగా! దొంగ ముండా! బ్రోంకా రక్తమే కదా, బుద్ధి ఎక్కడికి పోతుంది!"

ఇర్మీనా లేవలేదు.

"వేళ్ళు తెగుతాయే మొద్దూ! చుట్టూ తవ్వు! మట్టిగడ్డతో సహా లేపు!"

ఆమె మట్టిగడ్డతో సహా లేపింది. మొహమంతా కన్నీళ్ళు. ఏదో అనబోయింది.

"నోరు ముయ్! థాంక్స్ అన్నావంటే మొక్క చస్తుంది. నాకసలే కళ్ళు కనపడవు, నేనేమీ చూడలేదు. పరుగెత్తవే!"

పరుగెత్తింది. నేను రోడ్డు మీద నిలబడి ఏడ్చాను, సిగ్గేం లేదు.

మర్నాడు దళారీ కారు దిగాడు. ఇర్మీనా తలుపు తీసేలోపే తెయోఫిలా కర్ర పట్టుకుని గేటుకు అడ్డంగా నిలబడింది.

"ఇల్లు చూడ్డానికొచ్చానండీ. అమ్మకానికుందన్నారు."

"ఎవడు చెప్పాడు? నా ప్రిమ్‌రోజ్ ఈ ఇంట్లో ఉంది. వచ్చే ఏడాది నేను దాన్ని తిరిగి ఎత్తుకుపోవాలి. అప్పటిదాకా ఈ పిల్ల ఎక్కడికీ కదలదు."