టైలరుగారి మెట్లు

రోజూ సాయంత్రం పిల్లలందరినీ దింపేసి, స్కూలు బస్సును షెడ్డులో పెట్టి, డ్రైవరమ్మ నేరుగా టైలరుగారి కొట్టుకు వెళ్ళేది. ఆయన ఆమె భర్త. ఆయన కత్తెర, టేపు సర్దుకునేదాకా నిలబడి, షట్టరు తనే కిందికి లాగేది. బస్సు నిండా పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగల మనిషికి, ఈ ఒక్క మొగుడి చేత వేళకు మాత్ర మింగించేసరికి తలప్రాణం తోకకొచ్చేది.

టైలరుగారి గుండెలో ఒక వాల్వు గట్టిపడింది. రక్తం బయటికి వెళ్ళే దారి పూర్తిగా తెరుచుకోవడం లేదు. ఆయాసం మొదలైతే ఆపరేషన్ తప్పదు, అందాకా చూద్దాం అంది డాక్టరమ్మ. ఆ మాట విన్నప్పటి నుంచి డ్రైవరమ్మ ఆయన ఊపిరి వింటూనే బతుకుతోంది.

వాళ్ళ ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. అయితే టైలరుగారు కాలు పెడితే మెట్లు తగ్గిపోయేవి. ఆయన నాలుగడుగుల్లో పైకి చేరేవాడు. పక్కనే బయల్దేరిన పెళ్ళాం అప్పటికి మొదటి అంతస్తు మలుపులో ఉండేది. "బస్సు ఇవాళ లేటా?" అని పైనుంచి ఏడిపించేవాడు. కింది వాటా పిన్నిగారు మాత్రం తన మోకాళ్ళను ఈ మెట్లు ఏనాడూ పట్టించుకోలేదని సణిగేది.

ఆ నెల పరీక్షకు వెళ్ళినప్పుడు, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని డాక్టరమ్మ అడిగింది. మూడంతస్తులూ ఆగకుండా ఎక్కుతున్నారని మొగుడూపెళ్ళాలు ఒక్క గొంతుతో చెప్పారు. అందులో అబద్ధమేమీ లేదు. అలా అయితే ఇంకో ఆరు నెలలు ఆగుదాం అంది డాక్టరమ్మ. డ్రైవరమ్మకు కాళ్ళు నేల మీద ఆనలేదు. వస్తూనే మెట్ల దగ్గర నిలబడి పిన్నిగారికి ఆ కబురంతా చెప్పింది. ఆయన ముందు నడిచాడు.

కాసేపటికి ఆమె మొదటి అంతస్తులోనే ఆయన్ని కలిసింది. అలా ఎప్పుడూ జరగలేదు. రెయిలింగు పట్టుకుని కూలబడి ఉన్నాడు. పెదవులు పాలిపోయాయి, చొక్కా చెమటతో తడిసింది. మెట్లు ఒక్కటీ తగ్గలేదు.

"ఇన్నాళ్ళూ మోసి, ఇవాళేనా మొండికేసేది?" అని ఆమె మెట్ల మీద విరుచుకుపడింది.

పిన్నిగారు మంచినీళ్ళు పట్టుకొచ్చింది. "వాటిని తిట్టకమ్మా. ఇందాక నువ్వు నాతో చెప్పింది అవీ విన్నాయి."

డ్రైవరమ్మకు అప్పుడు అర్థమైంది. డాక్టరమ్మకు తాము చెప్పొచ్చింది మెట్ల మంచితనం గురించి. ఈయన గుండె గురించి కాదు.

ఇంటికి ఎక్కకుండానే ఆయన్ని వెనక్కి తీసుకెళ్ళింది. "మెట్లు తగ్గుతాయని ముందే చెప్పాలి కదమ్మా," అని డాక్టరమ్మ కోప్పడి, ఆయన్ని వరండాలో తనే నడిపించింది. ఆ చివరికి వెళ్ళేసరికి ఆయనకు ఆయాసంతో మాట రాలేదు. ఇక ఆలస్యం చేయలేదు, కొత్త వాల్వు పెట్టారు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే తమ చేతుల్లో ఉండేది కాదన్నారు.

ఆ రోజులన్నీ ఆమె బస్సుకూ ఆసుపత్రికీ మధ్యే తిరిగింది. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే, ఆయన ఎలా ఉన్నాడో చెప్పేది.

ఇంటికి వచ్చిన రోజు ఇరుగుపొరుగు వాళ్ళు ప్రతి మలుపులో ఒక కుర్చీ వేసి ఉంచారు. మెట్లు ఆయనకు ఒక్కటీ తగ్గలేదు. ఆయన తన కాళ్ళతోనే, నింపాదిగా ఎక్కసాగాడు. మందుల సంచులు, బట్టల మూట మోస్తూ ఆమె వెనకే ఎక్కింది. మొదటి కుర్చీలో కూర్చుని, ఆ బరువు పైన పెట్టేసి రమ్మన్నాడాయన.

ఆమె ఒక అడుగు వేసింది. ఇంకోటి వేసింది. ఎదురుగా తమ ఇంటి తలుపు.

కింది నుంచి టైలరుగారి నవ్వు వినిపించింది. "బస్సు ఇవాళ ముందే వచ్చిందే!"

డ్రైవరమ్మ సంచులు కింద పెట్టి, పై మెట్టు మీద కూర్చుని, ఇన్నాళ్ళకు తనివితీరా ఏడ్చింది. ఆయన ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చేదాకా, కూర్చున్న మెట్టును చేత్తో నిమురుతూనే ఉంది.