అమ్మా, బండెక్కు

ఏసీ ఆపితే ముప్ఫై కిలోమీటర్లు కలిసొస్తాయని మా ఆయన లెక్క. పోనీ అద్దాలు దించుకుందామంటే, గాలి లోపలికి కొట్టి బండిని వెనక్కి లాగుతుందట, దానికో పది పోతాయట. అందుకని మార్చి నెల ఎండలో, అద్దాలన్నీ బిగించుకుని, ఏసీ ఆపుకుని, మా పుట్టింటి వైపు ముక్దాహాన్ నుంచి సముద్రానికి బయల్దేరాం. నా ఒళ్ళో తెల్లగుడ్డలో కట్టిన చిన్న కుండ ఉంది. అందులో మా అమ్మ ఎముకలున్నాయి.

"ఆ మూట కాస్త కిందకి దించు, వీడియోలో పడుతోంది" అన్నాడు పీ నోప్.

నాకన్నా పెద్దవాడు కాబట్టి ముందు "పీ" చేర్చి, పెళ్ళయినప్పటి నుంచీ ఆయన్ని పీ నోప్ అనే పిలుస్తాను. ఆయన నన్నేమని పిలుస్తాడో చెప్పడం కష్టం. ఎక్కువగా "ఇదిగో" అంటాడు. మా అత్తగారూ ఆడపడుచూ "ఈసానుది" అంటారు, దేశానికి ఈశాన్యాన ఉన్న ఈసాను వైపు పల్లె నుంచి వచ్చినదాన్ని కాబట్టి. ఖమ్‌ఫేంగ్ అని నాకో పేరుంది. ఫేంగ్ అని పిలిచే మనిషి ఒక్కతే ఉండేది. ఆవిడ ఇప్పుడు నా ఒళ్ళో ఉంది.

పికప్ కొని నాలుగు నెలలైంది. మొత్తం కరెంటు బండి. దానికి చేసే సేవ చూస్తే నాకే ముచ్చటేసేది. పొద్దున లేవగానే ఎంత శాతం ఉందో చూసుకుంటాడు, ఎండలో పెట్టడు, ఎనభై దాటి చార్జింగ్ ఎక్కిస్తే ఆయుష్షు తగ్గుతుందని బెంగపడతాడు. పాత డీజిల్ బండి పదకొండేళ్ళు నేనే నడిపాను, కాల్చిన కోడి అమ్మే నా తోపుడుబండి సామానంతా అందులోనే సంతకి వెళ్ళేది. దీన్ని మాత్రం ముట్టుకోనివ్వడు. "ఇది కంప్యూటరు, నీకర్థం కాదు" అంటాడు. నూరో రోజు పుణ్యం చేశాక అమ్మ ఎముకలు సముద్రంలో కలపాలని నేననగానే, పద వెళ్దాం, నేనే తీసుకెళ్తానన్నాడు. దహనానికి రావడానికి సెలవు దొరకని మనిషి! నేను మురిసిపోయాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను కూడా. తర్వాత తెలిసింది, ఈ బండి ఉన్నవాళ్ళందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉందనీ, దూర ప్రయాణం చేసి వీడియో పెట్టనివాడు అందులో ఇంకా ఈయనొక్కడేననీ.

సముద్రానికి అరగంట ముందే మా ఇల్లు. ఒక్క రాత్రి అమ్మని ఇంట్లో ఉంచి, తెల్లారాక తీసుకెళ్దామని అడిగాను. "మా అమ్మ భయపడుతుంది" అన్నాడు. మా అత్తగారు ఆరేళ్ళుగా మంచంలో ఉన్నారు. ఆవిడ భయాలూ మందులూ డైపర్లూ అన్నీ నాకు కంఠతా వచ్చు. ఈ మూడు రోజులకీ ఆడపడుచు వచ్చి కూర్చుంది. వచ్చినప్పటి నుంచి గంటకోసారి నాకు ఫోన్ చేస్తోంది.

మా అమ్మ మా ఇల్లు చూడలేదు. ఇరవై రెండేళ్ళు. ఏటా కోతలయ్యాక ఫోన్ చేసి, "ఈ ఏడు రానా బిడ్డా?" అని అడిగేది. అత్తగారికి బాగాలేదమ్మా, ఇల్లు బాగుచేయిస్తున్నామమ్మా, వచ్చే ఏడు రా. ఏటా ఏదో ఒకటి. ఒకసారి అడక్కుండానే వచ్చేసింది. మేముండే రాయోంగ్ బస్టాండులో దిగి ఫోన్ చేసింది. చేతిలో బియ్యం మూట, పులిసిన చేపల జాడీ. ఆ జాడీ సంగతి వినగానే మా అత్తగారు, ఆ కంపు నా గుమ్మం తొక్కడానికి వీల్లేదన్నారు. జాడీ బయట పెట్టిస్తానని నేను అనొచ్చు. అనలేదు. బస్టాండుకి వెళ్ళి, అక్కడే అమ్మకి నూడుల్సు తినిపించి, రెండు గంటలు పక్కన కూర్చుని, తిరుగు బస్సెక్కించాను. ఇంట్లో సున్నాలేస్తున్నారని అబద్ధం చెప్పాను. అమ్మ నా చెయ్యి తడిమి, "పర్లేదు ఫేంగ్. నిన్ను సూసిన గద, సాలు" అంది. జాడీ నాకే ఇచ్చి వెళ్ళింది. ఇంటికి తీసుకెళ్ళలేక అక్కడి స్వీపరమ్మకి ఇచ్చేశాను.

తెల్లవారుజామున బయల్దేరేటప్పుడు మా మేనమామ బున్‌మా నా చేతిలో చిల్లర నాణేల సంచీ పెట్టాడు. వంతెన వచ్చినప్పుడల్లా ఒకటి వెయ్యాలి, అమ్మా వంతెన దాటుతున్నామని చెప్పాలి. మలుపు తిరిగితే చెప్పాలి. ఇవన్నీ నాకు తెలుసు, అయినా ఆయన మళ్ళీ మళ్ళీ చెప్పాడు. "ఆగినప్పుడు దిగమని చెప్పు. పోయేటప్పుడు ఎక్కమని పిలువు బిడ్డా. పిలువకుంటే ఆడనే కూసుంటది. నీ కోసం సూస్కుంట ఆడనే కూసుంటది." ఎముకలు చేతిలో ఉన్నా సరే, మనిషి మాత్రం పిలిస్తేనే వస్తుంది.

నేను పిలుస్తూనే ఉన్నాను. యసోథన్‌లో వంతెన, అమ్మా దాటుతున్నం. సువన్నఫూమ్‌లో మొదటి చార్జింగ్, అమ్మా దిగు, కాళ్ళు సాపుకో. మళ్ళీ ఎక్కు, పోదాం. ఇరవై రెండేళ్ళలో అమ్మతో అంతసేపు మాట్లాడింది ఆ పూటే. మా ఊరి మాటలే వచ్చేశాయి నోటికి. వీడియోలో నీ గొంతు వినిపిస్తోంది, మెల్లగా అనుకో అన్నాడు పీ నోప్. మెల్లగా అనుకున్నాను.

రెండో చార్జింగ్ నాంగ్ రోంగ్‌లో, పెట్రోలు బంకు వెనక. అక్కడ ఒక్కటే చార్జింగ్ తీగ పనిచేస్తోంది. "దిగమ్మా, గంట పడ్తది, ఆ రేకుల నీడకు కూసో" అని చెప్పి నేనూ దిగాను. దిగానో లేదో పని మొదలైంది. ఆడపడుచు ఫోను: అమ్మ పక్క తడిపింది, దుప్పట్లెక్కడున్నాయి? ఆ బీరువా కాదు, ఈ బీరువా. నీలం మాత్ర ఒకటా, రెండా? ఒకటిన్నర. ఈలోపు పీ నోప్‌కి జిగురన్నం, కాల్చిన కోడి కావాలి, ఐసు కాఫీ తీపి తక్కువగా కావాలి. అవి తెచ్చేసరికి మా వెనక ఇంకో కారు వచ్చి నిలబడింది. ఆ కారాయన హారను కొట్టాడు. పీ నోప్ తీగ పీకి, స్టీరింగ్ ముందు కూర్చుని ఎక్కు ఎక్కు అంటున్నాడు. చంకలో మూట, ఒక చేతిలో కోడి పొట్లం, ఇంకో చేతిలో కాఫీ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్లో ఆడపడుచు. అలాగే ఎక్కేశాను.

అక్కడి నుంచి ఆయన నడుపుతుంటే జిగురన్నం ముద్దలు చేసి నోటికందించాను. కొండదారి ఎక్కాం. చార్జింగ్ గబగబా పడిపోతుంటే ఆయన ముద్ద మింగడం కూడా మానేశాడు. దిగువకొచ్చేసరికి కాస్త కోలుకుంది. మైదానంలోకి వచ్చాక చిన్న కాలువ మీద వంతెన కనిపించింది. సంచీలోంచి నాణెం తీసి, అద్దం నాలుగు వేళ్ళంత దించి, "అమ్మా, వంతెన..." అన్నాను.

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. నాంగ్ రోంగ్‌లో ఎక్కమని పిలవలేదు.

ఒళ్ళంతా చల్లబడింది. ఏసీ లేని బండిలో, ఆ ఎండలో. రేకుల నీడలో, మోకాళ్ళు దగ్గరకి ముడుచుకుని, నేను వచ్చి పిలుస్తానని చూస్తూ కూర్చుని ఉంటుంది. మా అమ్మకి ఎదురుచూడడం నేర్పిందాన్ని నేనే. ఇరవై రెండేళ్ళు నేర్పాను. పోయాక కూడా వదల్లేదు.

"బండి వెనక్కి తిప్పండి" అన్నాను. ఎందుకో చెప్పాను.

"తొంభై కిలోమీటర్లొచ్చాం. ఇరవై ఒక్క శాతం ఉంది. మళ్ళీ ఆ కొండెక్కాలా?" అన్నాడు. శాతం మళ్ళీ ఒకసారి చూసుకుని, "ఇక్కణ్ణుంచే పిలువు, వస్తుందిలే. నువ్వే కదా మర్చిపోయింది" అన్నాడు.

ఇలాంటివి నమ్మని మనిషైతే నాకంత బాధ ఉండేది కాదు. తొమ్మిదేళ్ళ కిందట మామగారి శవాన్ని ఆసుపత్రి నుంచి పాత పికప్‌లో ఇంటికి తెస్తున్నాం. నడిపింది నేనే. దారిలో బంకు దగ్గర ఆగి, బయల్దేరేటప్పుడు పిలవడం మర్చిపోయాం. నలభై కిలోమీటర్లు దాటాక ఈయనకి గుర్తొచ్చింది. వెనక్కి తిప్పించాడు. బంకులో అందరూ చూస్తుండగా, నాన్నా రా నాన్నా అని చిన్నపిల్లాడిలా ఏడుస్తూ పిలిచాడు. ఆ రోజు ఈయన మీద నాకెంత ప్రేమ కలిగిందో.

"మీ నాన్నగారప్పుడు నలభై కిలోమీటర్లు వెనక్కి తిప్పాం, పీ నోప్."

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "అది డీజిల్ బండి" అన్నాడు.

తిట్టినా ఇంతగా తగిలేది కాదు. ఆయనకి కోపం లేదు, నన్ను బాధపెట్టాలనీ లేదు. ఉన్న విషయం చెప్పాడు, అంతే. ఆయన లెక్కలో మా అమ్మ దూరం, మామగారి దూరం ఒకటి కాదు. నా దూరమైతే ఆ లెక్కలోకే ఎప్పుడూ రాలేదు.

సా కేవ్‌లో చార్జింగ్ పెట్టాడు. ఫోన్ స్టాండు సరిచేసుకుని, బండి చుట్టూ తిరుగుతూ గ్రూపుకి కొండదారి విశేషాలు చెబుతున్నాడు. నేను మూట, నాణేల సంచీ తీసుకుని దిగాను. ఎక్కడికన్నాడు. నాంగ్ రోంగ్ వెళ్ళొస్తానన్నాను. ఆ దారిన ఈసాను వెళ్ళే బస్సులు వస్తూనే ఉంటాయి.

"గంటలో చార్జింగ్ అయిపోతుంది. నేను ఆగను."

"ఆగొద్దు. వెళ్ళండి."

అప్పుడు ఫోన్ కిందకి దించాడు. "మరి అమ్మకి రాత్రి మందులు ఎవరిస్తారు?"

"ఆవిడ మీ అమ్మ కదా, పీ నోప్" అన్నాను. ఎగతాళికి అనలేదు. నిజంగానే గుర్తుచేశాను.

బస్సులో ఏసీ బాగా వచ్చింది. చెమటంతా ఆరిపోయి వణుకు పుట్టింది. ఆడపడుచు రెండుసార్లు, ఆయన మూడుసార్లు ఫోన్ చేశారు. తియ్యలేదు. ఏం చెయ్యబోతున్నానో అప్పటికింకా నాకు తెలియదు. వచ్చిన దారే మళ్ళీ వచ్చింది, రెండు వాగులు, ఆ చిన్న కాలువ, కొండ, మలుపులు. అమ్మ పక్కన లేదు కాబట్టి ఒక్క వంతెనకీ ఏమీ చెప్పలేదు.

నాంగ్ రోంగ్‌లో దిగేసరికి ఎండ వాలింది. బంకు వెనక రేకుల కింద ఎవరూ లేరు. ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. తీగ మేకుకి వేలాడుతోంది. నేలమీద కూర్చుని మూట ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. అమ్మకి చెప్పాల్సింది ఒకటి మిగిలిపోయింది, అది చెప్పాను. ఇంటికి సున్నం వెయ్యలేదమ్మా ఆ రోజు, నిన్ను లోపలికి తెచ్చే ధైర్యం లేకపోయింది. నీకు సూపెట్టేటందుకు నాకాడ ఇల్లు లేకుండె.

ఆ మాట బయటికి అన్నాకే నాకు తెలిసింది. పెళ్ళయిన మర్నాడు ఆయన పికప్‌లో ఈ రోడ్డునే వెళ్ళాను. ఎక్కడెక్కడో ఆగాం. వంతెనలు దాటాం. ఎక్కడా ఎవరూ నా పేరు పెట్టి పిలవలేదు. సామాను ఎక్కింది, నేనూ ఎక్కాననుకున్నారు. నేనూ అనుకున్నాను.

లేచి, మూట రెండు చేతులా ఎత్తుకున్నాను. సముద్రం అక్కడే ఉంటుంది, రేపు ఏదో ఒక బస్సులో ఇద్దరం వెళ్తాం. ఆ తర్వాత ఏ ఊళ్ళో దిగాలో అప్పుడు చూసుకుంటాను. ఇంటికి మాత్రం వెళ్ళను.

"అమ్మా, ఆలస్యమైంది. లే, బస్సెక్కుదాం" అని పిలిచాను.

రెండడుగులు వేసి ఆగాను. వెనక్కి తిరిగి, ఆ రోడ్డు పొడుగునా ఎక్కడున్నా వినపడేటంత గట్టిగా పిలిచాను.

"ఫేంగ్! నువ్వు గూడ లే బిడ్డా. పోదాం పా."