కోడలు విసుక్కున్న పొద్దు

అట్లాస్ కొండల్లోని ఆ ఊళ్లో తూదా కోడలు యమ్నా నోటికి జడవనివాళ్లు లేరు. మగ్గం ముందు కూర్చుంటే పాట, లేచిందంటే తగవు. ఆ అత్తాకోడళ్ల వాదులాట వాగు అవతల గొర్రెలు కాసుకునేవాళ్లకు కూడా వినబడేది.

రెండో కాన్పు తర్వాత ఆ నోరు మూతబడింది. మండుటెండల్లోనూ ఉన్ని దుప్పటి కప్పుకుని కూర్చునేది. గొంతు బొంగురుపోయింది, ముఖం ఉబ్బింది. బిడ్డ ఏడిస్తే పాలిచ్చేది గానీ ముద్దాడేది కాదు. ఉండబట్టలేక తూదా కావాలనే కయ్యానికి దిగింది.

"నీ నేతకంటే మేకలు తొక్కిన బురద నయం."

యమ్నా తలెత్తి చూసి, "అవునత్తా" అంది. తూదా ఆ పూటే ఇరుగమ్మలను పిలుచుకొచ్చి చూపించింది.

జిన్ను దయ్యం పట్టిందన్నారు వాళ్లు. తూదా పీరు సమాధి దగ్గర కోడిపుంజును కోయించింది. మార్పు లేదు. చివరికి కోడల్ని వ్యానెక్కించి పట్నం తీసుకెళ్లింది.

డాక్టరమ్మ యమ్నా మెడ తడిమి, రక్తం పరీక్ష చేయించింది. "థైరాయిడ్, అమ్మా. గొంతు దగ్గర చిన్న గ్రంథి. అందులో ఊరే రసం రక్తంతో పాటు మెదడుకూ చేరాలి. అది తగ్గితే ఒళ్లు చల్లబడుతుంది, మనసూ మందగిస్తుంది."

"మరి దీని పొగరు?"

"అదీ అంతే."

"బిడ్డ మీద ప్రేమ?"

"అది ఎక్కడికీ పోదమ్మా. పైకి రావడానికే ఓపిక చాలదు."

రోజూ పరగడుపున ఒక మాత్ర వేయమంది. తూదా దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. బార్లీ గింజంత లేదు. "ఇందులో ఒక మనిషి పడుతుందా?" అని గొణుక్కుంది.

వారాలు గడిచాయి. ముందు దుప్పటి జారింది. తర్వాత వేళ్లు ఉన్ని దారాల కోసం వెతుక్కున్నాయి. ఓ పొద్దున తూదా రొట్టెల పిండి పిసుకుతుంటే వెనక నుంచి మాట వినబడింది.

"ఆ పిండి ప్రాణం తీస్తావా ఏంటత్తా? పక్కకు జరుగు."

తూదా జరగలేదు. పిండి చేతులతోనే కోడలి ముఖం పట్టుకుంది. "ఎక్కడికి పోయావే ఇన్నాళ్లూ?"

"ఎక్కడికీ పోలేదు. బావి అడుగున కూర్చున్నట్టుండేది. పైనుంచి నువ్వు తిట్టేదంతా వినబడేది. జవాబే నోటి దాకా వచ్చేది కాదు."

యమ్నా బిడ్డను ఎత్తుకుని మాడు మీద ముక్కు ఆనించింది. చాలాసేపటి వరకు తీయలేదు.

తూదా తన గొంతు తడుముకుంది. గుటక వేస్తే వేళ్ల కింద మెత్తగా ఏదో కదిలింది. ఇన్నేళ్ల తన కోపానికీ, నవ్వుకీ, పోయిన మొగుడి మీద బెంగకీ ఇక్కడి నుంచి కూడా బలం అందుతూనే ఉందన్నమాట, ఏనాడూ అడక్కుండానే. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, పొయ్యి చల్లారుతున్నా లేవకుండా అలాగే కూర్చుండిపోయింది.