గోపమ్మ పడవ ఎక్కే వేళ

నల్గొండ బస్టాండు వెనక సందులో ఉన్న ఆజం ట్రావెల్స్‌కు ఒకటే ఫారం. యాదగిరిగుట్టకు పోయినా, శిరిడీకి పోయినా, జాన్‌పహాడ్ దర్గాకు పోయినా అదే. ఎక్కే చోటు, దిగే చోటు, కిలోమీటరుకు కిరాయి, డ్రైవర్ బత్తా, వంటమనిషి ఉన్నాడా లేడా, గ్యాస్ సిలిండర్ ఎవరిది. ఆ ఫారం తయారు చేసింది దశరథం సారు. జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక ఇంట్లో మధ్యాహ్నాలు మరీ పొడుగైపోయాయని ఆజం ఆఫీసుకొచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఉత్తరాలు, ఈమెయిళ్లు రాసిపెడతాడు. ఆజం భార్య షరీఫా ఇద్దరికీ కలిపి టిఫిన్ డబ్బా పంపుతుంది. సారుకు బీపీ అని తెలిసిన రోజు నుంచి ఒక గిన్నెలో ఉప్పు తగ్గింది. ఆ సంగతి ఆమె ఎన్నడూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఆ సోమవారం మాత్రం ఫారం ముందు పెట్టుకుని సారు చాలాసేపు పెన్ను మూత తీయలేదు. ఈసారి మాట్లాడాల్సింది బస్సు కాదు, గోవాలో పడవ.

“యాట్ అంటరు సార్,” అన్నాడు ఆజం. “పడవ మొత్తం మనకే. పదిహేను మంది, నాలుగు గంటలు.”

“నాలుగు గంటల్ల ఏడికి పోతది?”

“ఏడికీ పోదు. సముద్రంల గట్ల తిరిగి మళ్ల అదే జాగాకు వస్తది.”

“మరి దిగే చోటు దగ్గర ఏం రాయాలె?”

ఆజం గడ్డం గోక్కున్నాడు. “ఎక్కిన చోటే రాయుండ్రి.”

“ఎక్కిన చోటే దిగేటందుకు గోవా దాకనా!”

“పైసలు నరేష్‌వి, సముద్రం దేవునిది. మనదేం పోతది సార్?”

నరేష్ మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీలకు సున్నపురాయి తోలే మనిషి. లారీలు ఐదున్నాయి. ఈ పడవ తల్లి గోపమ్మ కోసం. ఆమెది ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. నలభై ఏళ్లు ఆ బోరు నీళ్లే తాగింది. నడుము కొడవలిలా వంగిపోయింది. నిలబడితే ఆమెకు కనిపించేది నేలే. టీవీలో సముద్రం చూసి, “గీ నీళ్లకు అవతలి ఒడ్డు లేదారా?” అని ఒక్కసారి అడిగింది. మళ్లీ అడగలేదు. కొడుకు మరిచిపోలేదు.

“ఒడ్డున నిలబెడితె మా అమ్మకు ఇసుకనే కనపడతది సారు, తల ఎత్తలేదు కద,” అని చెప్పాడు నరేష్ మొదటి రోజే. “నీళ్ల నడుమ కూసోవెడితె కిందికి చూసినా నీళ్లే ఉండాలె.”

ఆ మాట విన్నాక, తెలియని పని అయినా కాదనబుద్ధి కాలేదు సారుకు.

పడవ కెప్టెన్‌కు ఆజం ఫోన్ చేశాడు. ఫోన్ బల్ల మీద పెట్టి అందరికీ వినపడేలా హిందీలో మాట్లాడాడు. కిలోమీటరుకు ఎంత అంటే అవతలాయన గంట లెక్కన అన్నాడు. ఎన్ని చోట్ల ఆపుతారు అంటే ఎక్కడా ఆపం అన్నాడు. స్టెప్నీ ఉందా అని ఆజం అలవాటుకొద్దీ అడిగేసరికి, పడవకు స్టెప్నీ ఏంటని అవతలాయన ఎదురడిగాడు.

“మీరు ఎన్నింటికి ఎక్కుతారు?” అని కెప్టెన్ అడిగాడు.

అది మాత్రం ఖాయం. నరేష్ వాళ్ల పంతులు వచ్చే వారం పౌర్ణమి శుక్రవారం పొద్దున ఆరు నలభైకి ముహూర్తం పెట్టాడు. రైలు టిక్కెట్లు కూడా తీశారు.

“ఆరు నలభైకి నీళ్లు బాగా కిందుంటాయి. పడవ రేవు మెట్ల దాకా రాదు. చిన్న పడవలో దాని దగ్గరికి పోయి నిచ్చెన ఎక్కాలి.”

ఆజం, సారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోపమ్మ ఇంటి గడప దాటాలంటేనే ఇద్దరు పట్టుకోవాలి.

“ఆ మెట్లు సముద్రం ఒడ్డునేనా?” అని సారు అడిగించాడు. కాదు, నది మీద, సముద్రానికి రెండు కిలోమీటర్లు లోపల.

నది అనగానే సారుకు ధైర్యం వచ్చింది. ఆయనది నకిరేకల్. కాలువల కింది ఊళ్లకు నీళ్లు వదలమని ఇరిగేషన్ ఆఫీసుకు ఎన్ని అర్జీలు రాశాడో లెక్కలేదు. నదిలో నీళ్లు తగ్గాయంటే ఎగువన ఎవరో గేట్లు దించారన్నమాట. అడిగే పద్ధతిలో అడిగితే ఎత్తుతారు. ఆ సాయంత్రమే మంచి ఇంగ్లీషులో అర్జీ రాశాడు. వచ్చే వారం శుక్రవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, ఒక వృద్ధురాలు పడవ ఎక్కేంతసేపు, ఇరవై నిమిషాలకు మించకుండా, ఆయకట్టు రైతులకు ఇబ్బంది లేని విధంగా నీళ్లు వదలగలరని ప్రార్థన. సంబంధిత అధికారికి అందజేయమని కెప్టెన్‌కు పంపాడు.

మర్నాడు కెప్టెనే ఫోన్ చేశాడు. “సార్, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గేటు ఎక్కడుంది?”

“మీ నది మీదనే. డ్యాము దగ్గర.”

“ఈ నీళ్లకు గేటు లేదు సార్. సముద్రమే పొంగి నదిలోకి వస్తుంది. మళ్లీ పోతుంది. రోజూ.”

సారు చెవులు వేడెక్కాయి. సముద్రానికి ఆటుపోట్లు ఉంటాయని బడిలో చదివినవాడే. కానీ నది సముద్రంలోకి పోవడమే తప్ప సముద్రం వెనక్కి తిరిగి నదిలోకి వస్తుందని ఎన్నడూ ఊహించలేదు. అరవై ఆరేళ్లు వచ్చాయి. కెప్టెన్ నవ్వుతాడని ఎదురుచూశాడు. ఆయన నవ్వలేదు. “పదిన్నర నుంచి పదకొండున్నర దాకా నీళ్లు పై మెట్టుకు వస్తాయి,” అని రాసుకోవడానికి వీలుగా రెండుసార్లు చెప్పాడు. “అప్పుడైతే చెక్క పలక వేసి కుర్చీతో సహా పడవలోకి తోసుకుపోవచ్చు.”

పదిన్నర అని రాసుకుంటుంటే క్యాలెండర్ మీద చూపు పడింది. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు.

బుధవారం నరేష్ వచ్చాడు, తల్లిని ఆటోలో తీసుకొని. ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి సంగతంతా విన్నాడు.

“రాహుకాలంల నేను కాలు బయట పెట్ట సారు. పోయినేడు గట్లనే బండి తోలితె బోల్తా కొట్టింది. డ్రైవర్ ఆరు నెలలు మంచం మీదున్నడు.”

“పన్నెండు దాటినంక?”

“అప్పటికి నీళ్లు దిగిపోతయట,” అన్నాడు ఆజం. “శని, ఆదివారాలు ఎవరిదో పెండ్లి గుంపు. పడవ లేదు.”

నరేష్ లేచి గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాడు. “అయితె ఒక పని. ఆరు నలభైకి మేం ఎక్కుతం. అమ్మ మెట్ల మీద కుర్చీల కూసుంటది. అంత వీడియో తీసి చూపిస్తం.”

“అరె నరేష్, పెండ్లికూతుర్ని ఇంట్ల పెట్టి బారాత్ తీస్తవా?” అన్నాడు ఆజం. “మెట్ల మీద కూసుంటె ఆమెకు కనపడేది రాయే కద?”

“నాకు తెల్వదా భాయ్? ఏం చెయ్యమంటవు మరి? నువ్వు చెప్పు!”

గోపమ్మ గచ్చు వైపు చూస్తూ కూర్చుంది. దశరథం సారు బల్ల వెనక నుంచి లేచి, మోకాళ్లు నొస్తున్నా ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. అలా కూర్చుంటేనే ఆయన మొహం ఆమె చూపుకు అందుతుంది. నీళ్ల సంగతి, వేళ సంగతి మొదటి నుంచీ మెల్లగా చెప్పాడు. గేటుకు అర్జీ రాసిన మాట కూడా దాచలేదు.

ఆమె అంతా విన్నది. “గా టైముకు నేనే ఎక్కాలెనా సారు? నా మూట ఎక్కితె చాలదా?”

“మూటనా?”

“ఓరి కొడుకా, నీ పెండ్లిచూపులకు పోంగ పరస్థానం పెట్టలేదారా? మంచి గడియ నడిరాత్రి వడ్డదని నీ అంగీ, ధోతి మూటగట్టి పక్కింటోళ్ల అరుగు మీద పెట్టినం. మూట గడప దాటితె మనిషి దాటినట్టే. తెల్లారినంక తీరువడిగ తిని పోతిమి.”

“గది ఊర్లె అమ్మా. గోవాల, పడవ మీద పరస్థానమా?”

“పంతులునడుగు.”

నరేష్ పంతులుకు ఫోన్ చేశాడు. అవతల పంచాంగం కాగితాలు తిరగేసిన చప్పుడైంది. చివరికి పంతులు, మనిషి ఒంటి మీది బట్ట అయితే చాలని, అరుగుకు బదులు పడవ పనికిరాదని తాను ఎక్కడా చదవలేదని అన్నాడు. “మీ అందరియి తలా ఒక బట్ట కట్టుండ్రి. మూట ఒకటే.”

నరేష్ ఫోన్ జేబులో పెట్టుకుని తల్లి వైపు చూశాడు. ఆమె కొంగు సరిచేశాడు.

ఇక ఇది కెప్టెన్‌కు చెప్పాలి. సారు నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు కొట్టేశాడు. పరస్థానానికి ఇంగ్లీషు దొరకలేదు. ఉన్నది ఉన్నట్టు రాశాడు. ఆరు నలభైకి ఒక బట్టల మూట పడవ ఎక్కును. ప్రయాణికులు పదకొండు గంటలకు ఎక్కుదురు. మధ్యలో ఏమీ జరగదు.

గంటలో జవాబు వచ్చింది. సరేనట. రెండు సందేహాలు. మూటతో మనిషి ఉంటాడా? మూట ఎక్కాక పడవను కడగడానికి అటూ ఇటూ జరపవచ్చా?

“మనిషెందుకు? పడవను జరపొచ్చు,” అన్నది గోపమ్మ. “మూటను మాత్రం మళ్ల ఇంటికి తేవొద్దు.”

సారు అలాగే రాశాడు. కెప్టెన్‌కు అర్థమైందో లేదో తెలియదు. మూట తడవకుండా క్యాబిన్‌లో పెడతామని రాసి, ఒక్కొక్కరి ఎత్తు, బరువు నింపి పంపమని ఇంకో కాగితం పంపాడు. ఏ సైజు లైఫ్ జాకెట్లు పెట్టాలో చూసుకోవడానికట. సారు ఆ కాగితంలో మొదటి గడిలో గోపమ్మ పేరు రాసి మళ్లీ ఆమె ముందు కూర్చున్నాడు.

“మీ ఎత్తు ఎంతమ్మా?”

“ఎప్పటిది చెప్పాలె సారు? పెండ్లప్పటిదా, గిప్పటిదా?”

సారు పెన్ను గడి మీద నుంచి తీశాడు.

“పెండ్లప్పుడు మా ఇంటాయన కన్న నేను వేలెడు ఎక్కువుంటి,” అన్నది ఆమె. “గందుకనే పీటల మీద కూసోవెట్టి ఫోటో తీసిండ్రు.”

“గిప్పటిది రాయుండ్రి సారు,” అన్నాడు నరేష్. “జాకెట్ లూజయితె కష్టం.”

“రెండు తీర్లుగ మనిషిని నేనే కదరా!”

ఆజం గోడకున్న టేపు తీసి చేతిలో పట్టుకున్నాడు కానీ, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలో అతనికీ తోచలేదు. వంపు వెంబడి కొలిస్తే ఒక లెక్క, నేల నుంచి కొలిస్తే ఒక లెక్క. సారు రెండు తీర్లా కొలిపించి, వంపు వెంబడిది పెండ్లప్పటిదిగా, నేల నుంచిది ఇప్పటిదిగా, ఆ చిన్న గడిలో ఒకదాని కింద ఒకటి రెండు ఎత్తులూ రాశాడు. పక్కన, రెండు జాకెట్లూ సిద్ధంగా ఉంచగలరు, ఆమె వచ్చి చూసుకుంటుంది అని చేర్చాడు.