హంబాగు చప్పుడు

"ముద్దలో గాలి మిగిలితే పెనం మీద పగులుతుంది. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి విసిరి కొట్టు, జాలిపడకు" అని పెళ్లైన కొత్తలో మా అత్తగారు నేర్పింది. శుక్రవారం రాత్రి హంబాగు, అదే పెనం మీద కాల్చిన కైమా ముద్ద, లేకపోతే ఆవిడ కొడుక్కి అన్నం సహించదు. చల్లటి కైమాలో ఉల్లిపాయ, పాలలో నానిన బ్రెడ్డు పొడి కలిపి పిసికేసరికి నా వేళ్లు కొయ్యబారతాయి. మధ్యాహ్నం దాకా బెంటో దుకాణంలో నిలబడి అన్నం డబ్బాలు సర్ది వచ్చి చేస్తాను. "ఇంట్లో ఊరికే చేసే వంటకి ఇంత ఆయాసమా?" అంటాడు యసునోరి, నా మొగుడు.

పోయిన శుక్రవారం ముద్ద పగిలి రసమంతా పెనంలోకి కారిపోయింది. ఆయన తినే పుల్లలతో ఒకసారి తిప్పి చూసి, పళ్లెం ఎత్తి నా మొహాన కొట్టాడు. కింద పడితే జుట్టు పట్టి లేపి, అరచేత్తో చెవి మీద వరసగా బాదాడు. పెదవి చిట్లి సాసూ నెత్తురూ కలిసిపోయాయి. ఫోనులో చెబితే అత్తయ్య నిట్టూర్చింది.

"గాలి సరిగ్గా పోయుండదమ్మా. నీ చేతిలో బలం లేదు."

ఎడమ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు.

ఈ శుక్రవారం ఆ బలం తెచ్చుకున్నాను. ప్రతి ముద్దా ఆయన మొహమే అనుకుని ఫట్ ఫట్‌మని బాదాను. అబద్ధమెందుకు, ఒళ్లంతా హాయిగా ఉంది. ఆయన రావడానికి ఇంకా గంట ఉంది.

ఇంతలో పక్క గదిలో పరుపులు సర్దే అల్మరాలోంచి ఏడుపు వినిపించింది. తలుపు జరిపి చూస్తే నా ఏడేళ్ల కూతురు కొహారు దుప్పట్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని, నుదురు అల్మరా అడుగు చెక్కకి ఆనించి ఉంది.

"చాలు నాన్నా! ఈసారి అమ్మ బాగా చేస్తుంది నాన్నా!"

"నాన్న ఇంకా రాలేదే తల్లీ. నేనే, మాంసం కొడుతున్నాను."

"నాకు రెండూ ఒకలాగే వినిపిస్తాయమ్మా."

నా హాయి మీద నాకే అసహ్యం వేసింది. పొయ్యి ఆర్పి చేతులు కడుక్కున్నాను. నీగాత ఊళ్లో ఉన్న మా మిత్సుయో అక్కకి ఫోన్ చేస్తే "ఏమీ సర్దకు, పిల్లని తీసుకుని బయలుదేరు" అంది. ముద్దల్ని బల్ల మీద పచ్చిగానే వదిలేసి, కొహారుకి చెప్పులు తొడిగాను.

రైలు కదిలాక పిల్ల నా కుడి చెవి దగ్గరికి వచ్చి అడిగింది.

"నాన్నకి ఆకలేస్తుందేమో అమ్మా?"

"వేస్తుంది. వెయ్యనీ."