డకు గుడిస్తే

ఓడలరేవు దగ్గర పాయ ఒడ్డున మా మడ అడవి ఉంది. దాన్ని అడవి అనేది నేనొక్కదాన్నే. మిగిలినవి తాతల నాటి నల్లమడ చెట్లు కాసిన్ని, వాటి చుట్టూ ఏటా నేను నాటే మొక్కలు. ఏటా నాటుతాను, ఏటా చస్తాయి. గేదెలు తినగా మిగిలినవి వంటచెరుకు కింద పోతాయి. మడ మొక్కలు నాటించే సంస్థ నాకు జీతం ఇస్తోంది గనక ఓపిక కూడా అదే ఇస్తుందని ఊళ్ళోవాళ్ళ నమ్మకం.

పెద్ద చెట్లనైనా దక్కించుకుందామని బోర్డు పెట్టించాను. 'మడ అడవి, కొట్టరాదు' అని రాయమంటే బోర్డులు రాసే రాంబాబు 'మడి అడవి, ముట్టరాదు' అని రాసి తెచ్చాడు. ఎప్పుడూ కోవెలలకి రాసే చెయ్యి మరి. ఇదేంటని అడిగితే, "రెండూ ఒకటే కదండీ" అన్నాడు. పోట్లాడే శక్తి లేక అదే పాతించాను.

చిత్రం, కత్తులు ఆగిపోయాయి. అటవీ చట్టానికి జడవని ఊరు మడికి జడిసింది. ఆడవాళ్ళు పెద్ద చెట్టు మొదలుకి పసుపు రాశారు. రోజూ పొయ్యిలోకి కొమ్మలు నరికే సత్తియ్య బాబాయి కూడా చెప్పులు విడిచి, దూరం నుంచే దణ్ణం పెట్టి పోయేవాడు. ఏళ్ళ తరబడి నా గొంతు చెయ్యలేని పని డకారం మీద పడ్డ గుడి చేసింది. నాకు ఒళ్ళు మండింది, మండినా ఊరుకున్నాను.

తుఫానుకి, చెట్లకి సముద్రపు నీరు తెచ్చే కాలవ మూతి దగ్గర ఇసక మేట వేసింది. పోటు నీరు లోపలికి రావడం మానేసింది. నల్లమడ ఆకులు పండి రాలుతుంటే మేట తవ్వడానికి కూలికి మనుషుల్ని పిలిచాను. ఒక్కరూ రాలేదు.

"మడిలో పార వెయ్యకూడదు కదమ్మా కళ్యాణీ," అన్నాడు సత్తియ్య బాబాయి.

"అది తప్పు రాత, బాబాయ్. నీళ్ళు లేకపోతే చెట్లు చచ్చిపోతాయి."

"రాసినోడి చేత ఆ దేవుడే రాయించేడేమో, నీకేం తెలుసు?"

ఇక నేనే పార పట్టాను. నడుం విరిగింది, అరచేతులు బొబ్బలెక్కాయి. ఎందుకొచ్చిన చెట్లు, ఎండిపోతే నాకూ విశ్రాంతి అనిపించింది. నిజంగానే అనిపించింది. అయినా తవ్వాను. ఆఖరి మేట తెగేసరికి పోటు మొదలై, నీరు బుసబుసా లోపలికొచ్చింది.

అప్పుడొచ్చాడు సత్తియ్య బాబాయి, చేతిలో కత్తితో.

"ఎందుకు బాబాయ్ అది?"

"నువ్వు ముట్టేసేవు కదమ్మా. ఇంక మడేముంది? పొయ్యిలోకి రెండు కొమ్మలు కొట్టుకుంటాను."

నాకు ఏడుపొచ్చింది. ఇంత తవ్వి, ఇతని కత్తికి దారి తవ్వానా? చట్టం చెప్పే ఓపిక లేదు, బతిమాలే ఓపిక అసలే లేదు. నీళ్ళు మోకాళ్ళు దాటి చెట్ల మొదళ్ళు తడుపుతున్నాయి.

"మైలపడితే ఏం చేస్తాం బాబాయ్? స్నానం చేస్తాం. అవీ చేస్తున్నాయి, చూడు. సముద్ర స్నానం."

ఆయన నీళ్ళకేసి చూశాడు. కత్తి మొలలో దోపుకున్నాడు.

"ఆయ్, అదీ నిజమే," అని, నన్ను కింద నుంచి పైదాకా చూసి కసిరాడు. "మరి ఒంటినిండా బురదతో నువ్వు లోపల నిలబడ్డావేంటమ్మా? చెట్లు మడిలో ఉన్నాయి, బయటికి రా!"

పార తీసుకుని గట్టెక్కాను. ఇన్నేళ్ళలో నా చెట్లకి నేను కాక ఇంకొకరు కాపలా కాయడం అదే మొదలు.